పోశం పళ్లెంలో నువ్వులు

బొగ్గు తిన్న నాలుక

బాయి దిగి బొగ్గు ఎత్తి పైకి వచ్చిన మనిషికి నాలుక సగమే పని చేస్తుంది. నోట్లో దుమ్ము, గొంతులో దుమ్ము, షిఫ్టు పొడుగునా కారిన చెమట. మీరు సరిపోయిందనుకున్న ఉప్పు అతనికి చప్పగా ఉంటుంది. మీకు కన్నీళ్లు తెప్పించే కారం అతనికి కమ్మగా ఉంటుంది. క్యాంటీన్ వంటలోకి వచ్చేవాళ్లు మొదట నేర్చుకోవలసింది ఇదే. మనం వండేది మన నాలుకకు కాదు.

మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటారు. గోదావరిఖనిలో అట్లాంటి ఒక బాయి మీది క్యాంటీన్లో నేను బతుకంతా పని చేశాను. నా భర్త బాయి ప్రమాదంలో పోయాక కంపెనీ నాకు ఇచ్చిన ఉద్యోగం అది. మసాలాలు నూరే పనిలో చేరి, హెడ్ కుక్కుగా రిటైరయ్యాను. మధ్యలో ఎప్పుడు ఏ గ్రేడు వచ్చిందో, ఎవరు సంతకం పెట్టారో రాయను. అది నాకు తప్ప ఎవరికీ అక్కర లేదు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కోర్సులు చదివి వస్తున్నారు. నేను అక్షరాలు దిద్దింది నలభై దాటినంక, కాలనీలో పెట్టిన రాత్రి బడిలో. అందుకని పుస్తకంలో ఉండే సంగతులు నేను మీకు చెప్పేదేమీ లేదు. ఒక మనిషి సంగతి చెప్తాను. ఆ మనిషి పేరు పోశం. బదిలీ ఫిల్లర్, అంటే ఎవరైనా డ్యూటీకి రాని రోజున వాళ్ల బదులు దిగి, టబ్బుల్లోకి బొగ్గు ఎత్తేవాడు. పర్మనెంటు కావాలని ఎదురుచూస్తూ ఉండేవాడు. కాలేదు. ఎందుకు కాలేదన్నదే ఈ రాత.

ఓదెలు మేస్త్రి

నాకు పని నేర్పింది ఓదెలు మేస్త్రి. వంటమేస్త్రి అంటే అప్పట్లో క్యాంటీన్కు రాజు. బక్కపలచని మనిషి, మీసాలు మాత్రం లావు. చదువు లేదు. కోపం ముక్కు మీదే ఉండేది. ఆడవాళ్లు చెప్పింది వినడం ఆయనకు అలవాటు లేదు. ఇవన్నీ ఆయనలో ఉన్న లోపాలే, దాచను.

కానీ వంటలో ఆయనంతటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. కూర ఎట్లా ఉందని ఎవరినీ అడిగేవాడు కాదు. చేతులు కడిగే తొట్టి దగ్గర నిలబడి, వెనక్కి వచ్చే పళ్లేలు చూసేవాడు. మనుషులు మొహమాటానికి బాగుందంటారు, పళ్లేనికి మొహమాటం ఉండదు అనేవాడు. షిఫ్టు ఆలస్యమై వచ్చేవాళ్ల కోసం డేగిసా అడుగున కూర దాచేవాడు. ఉత్త అన్నం తిని ఎవరైనా బాయి దిగితే ఆ రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. ఎవరు ఏం తింటారో, ఎవరు శనివారాలు మాంసం ముట్టరో, ఎవరింట్లో ఏ ఆనవాయితీ ఉందో అన్నీ ఆయన తలలో ఉండేవి.

ఆ మంచితనమే పోశం కొంప ముంచింది. చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు నాకు.

తెల్ల పొడి

డెబ్బైల మొదట్లో అనుకుంటాను, ధరలు పెరిగాయి. ఉల్లిగడ్డ కొనలేం, కందిపప్పు కొనలేం. అప్పుడు మా వెల్ఫేరు ఆఫీసరు హైదరాబాదు నుంచి ఒక తెల్ల పొడి తెప్పించాడు. టేస్టింగ్ సాల్ట్ అన్నాడు. చూడటానికి చక్కెరలాగా సన్న పలుకులు. అక్కడి పెద్ద హోటళ్లలో చైనా వంటల్లో వేస్తారట. డేగిసాకు ఒక గుప్పెడు చాలు అన్నాడు.

నిజమే, చాలింది. పప్పు సగం చేసి నీళ్లు రెట్టింపు పోసినా పళ్లేలు నాకినట్టు ఖాళీగా వచ్చాయి. దుమ్ము పట్టిన నాలుకను ఆ పొడి లేపి కూర్చోబెట్టింది. మొదటి వారం మేమూ మురిసిపోయాం. ఆ తర్వాత మాటలు మొదలయ్యాయి. ఎముకల పొడి అని ఒకరు, తింటే మగతనం పోతుందని ఒకరు. శనివారాలు ఒక్కపొద్దు ఉండేవాళ్లు గిన్నె దగ్గరికి రావడం మానేశారు. టైంకీపర్ ఒకాయన ఆ కూర తిన్న ప్రతిసారీ తల పట్టుకుని కూర్చునేవాడు. ఒక ఫిల్లర్ అయితే నన్ను చూసినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"రాజక్కా, ఇయ్యాల పప్పుల పప్పున్నదా, పొడే ఉన్నదా?"

"నీ పెండ్లాన్నడుగు, ఆమె వండుతే పప్పుంటదేమో," అనేదాన్ని. నవ్వేవాళ్లు. నవ్వుతూనే గొడవ పెద్దదైంది. యూనియన్ వాళ్లు వచ్చారు. కంపెనీ దవాఖాన నుంచి ఒక చిన్న వయసు డాక్టరును పిలిపించారు. ఆయన అందరి ముందు నిదానంగా చెప్పాడు. కొద్దిగా వేస్తే అది విషం కాదు, కొందరికి తలనొప్పి రావచ్చు, వచ్చినవాళ్లు మానుకోవాలి. ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు, అందుకని ఏ రోజు కూరలో ఏం వేశారో బయట బోర్డు మీద రాయండి అన్నాడు.

మంచి మాట. కానీ రాసేదెవరు? మేస్త్రికి రాదు, నాకు రాదు. బోర్డు తెచ్చి గోడకు కొట్టారు. నల్లగా అట్లాగే ఉంది.

ఆ పొడి గురించి నా అభిప్రాయం అడిగితే సూటిగా చెప్తాను. దానిది పెద్ద తప్పు కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని పప్పు తగ్గించడం తప్పు. ఇంకో తప్పు ఏమిటంటే, అందరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఎవరికి కడుపులో నొచ్చినా పొడే, కాలు బెణికినా పొడే. కంపెనీ చివరికి దాన్ని ఆపేసింది. ఆపగానే, ఇక క్యాంటీన్ తిండిలో ఏ కష్టమూ లేదని అందరూ నమ్మారు.

రుచి పోయినంక

పొడి పోయిన మరుసటి రోజు నుంచే పళ్లేలలో కూర మిగలడం మొదలైంది. ఒకసారి నాలుకకు ఆ రుచి తగిలాక ఉత్త పప్పు ఎవరికి ఎక్కుతుంది? ఓదెలు మేస్త్రి తొట్టి దగ్గర నిలబడి చూసి చూసి, ఒకరోజు నువ్వుల బస్తా తెప్పించాడు.

దోరగా వేయించి, పొడి కొట్టి, వంకాయలో, బీరకాయలో, పచ్చిపులుసులో, చివరికి పప్పులో కూడా కలిపించాడు. వేయించింది నేను, దంచింది నేను. పొయ్యి మీద నువ్వులు చిటపటలాడుతుంటే బాయి దిగేవాళ్లు దీపాలు తీసుకునే ల్యాంపు రూము దాకా వాసన పోయేది. మనుషులు ఇంటి కూర తిన్నట్టుందన్నారు. పళ్లేలు మళ్లీ ఖాళీగా వచ్చాయి. మేస్త్రి మొహం వెలిగింది. విదేశీ పొడి ఎందుకు, మన గింజ ఉండగా అని అందరితో చెప్పుకున్నాడు.

పోశం పనిలో చేరిన కొత్తలోనే మేస్త్రికి ఒక మాట చెప్పి ఉన్నాడు. అది నాకు తర్వాత తెలిసింది. మా ఇంట్లో నువ్వులు తినరు, మా ఇంటి దేవత ఎల్లమ్మకు సరిపడదు అని. మా వైపు ఇట్లాంటివి చాలా ఉంటాయి. ఒకరి ఇంట్లో సొరకాయ తినరు, ఒకరి ఇంట్లో మేక తలకాయ తినరు. అడిగితే తాతల నాటి నుంచి వస్తోందంటారు. ఎవరూ దాన్ని ఎగతాళి చెయ్యరు. మేస్త్రి కూడా అన్ని రోజులూ పోశం మాట నిలబెట్టాడు.

ఇప్పుడు అన్ని కూరల్లోకీ నువ్వులు వచ్చాయి. పోశంకు చెప్తే ఏం తింటాడు? ఉత్త అన్నంలో ఉప్పూ కారం కలుపుకుని దిగాలి. పైగా మెడికల్ పరీక్ష దగ్గర పడుతోంది. అందులో పాసైతే పర్మనెంటు అవుతాడు. ఒంట్లో బలం ఉండాల్సిన సమయం. మా దగ్గర ఇంకో నమ్మకం కూడా ఉంది. ఆనవాయితీ ఉన్న తిండి తెలిసి తింటే దోషం, తెలియక తింటే దేవత పట్టించుకోదు. మేస్త్రి ఆ నమ్మకం మీద నిలబడ్డాడు. పోశంకు చెప్పలేదు, నాకూ చెప్పలేదు. కూర పెట్టాడు. ఆకలితో ఒక్కడు కూడా దిగకూడదు, అంతే ఆయన ఆలోచన.

పోశం తిన్నాడు. పెదవులు దురద పెడుతున్నాయని రెండు మూడు సార్లు అన్నాడు. ఒకరోజు గిన్నె ముందే నిలబడి అడిగాడు.

"కాకా, ఆ పొడి మల్ల ఏస్తున్నరా?"

"లేదు బిడ్డా. నా పిల్లల మీద ఒట్టు."

ఒట్టు అబద్ధం కాదు. పొడి వెయ్యడం లేదు. పోశం నమ్మి పళ్లెం పట్టాడు.

ల్యాంపు రూము దగ్గర

ఆ రోజు వంకాయ కూర. నువ్వుల పొడి ఎక్కువే పడింది. రెండో షిఫ్టుకు పోయేవాళ్లు తిని ల్యాంపు రూము ముందు వరుసలో నిలబడ్డారు. పోశం దీపం తీసుకుని బెల్టుకు తగిలించుకుంటూ ఉండగానే కళ్లు మూసుకుపోయేంత మొహం వాచింది. ఒళ్లంతా దద్దుర్లు. ఊపిరి ఈల వేసినట్టు వస్తోంది. గోడ పట్టుకుని కిందికి జారాడు. ఎవరో పొడి, పొడి అని అరుస్తూ మా క్యాంటీన్ మీదికి వచ్చారు. లారీలో వేసుకుని దవాఖానకు పరుగెత్తారు. వెనక మేస్త్రి, నేను.

అదే చిన్న డాక్టరు. సూది మీద సూది వేసి మనిషిని నిలబెట్టాడు. పోశం మంచం మీద కళ్లు తెరవలేక పడుకుని ఉన్నాడు, మాటలు మాత్రం వింటున్నాడు. డాక్టరు మేస్త్రిని మొదట పొడి గురించి అడిగాడు. లేదని నేనూ చెప్పాను. అయితే కూరలో ఏమేం వేశారో ఒక్కొక్కటీ చెప్పమన్నాడు. తప్పక అడగవలసిన ప్రశ్న, సరిగ్గా అడిగాడు.

మేస్త్రి చెప్పాడు. వంకాయలు, ఉల్లిగడ్డ, చింతపండు, పల్లినూనె, పసుపు, కారం, ఉప్పు, ధనియాలు, ఎల్లిగడ్డ. అక్కడ ఆగాడు. నేను నువ్వుల కోసం చూశాను. రాలేదు. మర్చిపోయాడేమో అనుకుని నోరు తెరిచేలోపు ఆయన నా వైపు తిరిగి, చాయ్ వేళ అవుతోంది, నువ్వు పోయి పొయ్యి వెలిగించు అన్నాడు. గొంతు కొత్తగా ఉంది. నేను బయటికి నడిచాను.

ఆయన వచ్చాక అడిగాను.

"నువ్వులు చెప్పలేదేందన్నా?"

"ఆడు పక్కపొంటే పన్నడు గద. వాళ్లింట్ల నువ్వులు తినరు. ఇంటె తెలుస్తది. తెలిస్తె దోషం తలుగుతది. తెల్వనన్ని రోజులు ఏం కాదు."

"ఇప్పుడైనదేంది మరి?"

"నువ్వులు తిని ఎవడన్న పడిపోయిండా రాజక్కా? పుట్టినకాడికెల్లి తింటున్నం మనం."

పెద్దమనిషైన పిల్లకు నువ్వుల ముద్దలు పెట్టి బలం వస్తుందనే ఇళ్లల్లో పెరిగినదాన్ని. నువ్వు గింజ మనిషిని చంపుతుందంటే నేనే నవ్వేదాన్ని.

డాక్టరు చేతికి దొరికిందేమిటి? తిండిలో అనుమానించదగ్గది ఏదీ లేదు, ఊపిరి ఈల వేస్తోంది, మనిషి బొగ్గు దుమ్ములో పని చేస్తాడు. ఉబ్బసం కిందికే పోయింది ఆలోచన. కొద్ది రోజుల్లో మెడికల్ జరిగింది. బాయి లోపలి పనికి అన్‌ఫిట్ అన్నారు. పర్మనెంటు అయినవాడికైతే పైన ఏదో ఒక పని చూపేవాళ్లు. బదిలీవాడికి అన్‌ఫిట్ అంటే ఇంటికి పొమ్మనడమే.

కొమురమ్మ చెప్పింది

ఊరికి పోయే ముందు పోశం భార్య కొమురమ్మ నా దగ్గరికి వచ్చింది. బస్తీలో అద్దెకుండే రెండు గదులు ఖాళీ చేసి, సామాను మూట కట్టి వచ్చింది. చిన్న పిల్ల. ఏడుపు అయిపోయిన మొహం. భూమి కడుపులోకి దిగినందుకు ఎల్లమ్మకు కోపమొచ్చిందని ఆమె నమ్మకం. తిండిలో ఏ తప్పూ చెయ్యలేదు కదక్కా అని నన్నే అడిగింది.

"సకినాలల్ల గూడ నువ్వులు ఎయ్యం మేము. ఉత్త వామేసి చేస్తం. మా మామ తండ్రి ఎవరిదో పెద్దకర్మల నువ్వులు కలిపిన సద్ది తిని, మొకం వాచి, గొంతు పూడి, విస్తరి కాడ్నే పానం ఇడిసిండట. గప్పుడే శివసత్తి మీదికి ఎల్లమ్మ వచ్చి, ఈ ఇంట్ల నువ్వులు ముట్టద్దని చెప్పింది."

మొహం వాచి, గొంతు పూడి. ల్యాంపు రూము ముందు నేను కళ్లారా చూసింది అదే. ఆ ఇంటివాళ్లు ఒళ్లు చెప్పిన మాటను దేవత మాటగా దాచుకున్నారు, అందుకే ఇన్నాళ్లు బతికారు. మేము దాన్ని ఉత్త దేవత మాట అనుకున్నాం. ఆమె కళ్లు కప్పగలం అనుకున్నాం.

ఆ పూటే మేస్త్రికి చెప్పాను. ఆయన పీట మీద కూర్చుండిపోయాడు. గంటె చేతిలోనే ఉంది. నామీద అరుస్తాడనుకున్నాను, అరవలేదు. పొద్దున్నే తనంతట తానే దవాఖానకు పోయి డాక్టరుకు మొత్తం చెప్పాడు. తన ఉద్యోగం పోతుందని తెలిసే పోయాడు. డాక్టరు కోప్పడలేదట. పోశంను తీసుకురండి, నువ్వులు మానేస్తే ఆయన బాయి దిగవచ్చని నేనే పైవాళ్లకు చెప్తాను, మెడికల్ మళ్లీ చేయిస్తాను అన్నాడు.

మీరు చెయ్యవలసింది

పోశం ఊరికి మేము పోయిన సంగతి చెప్పే ముందు, ఈ పనిలోకి వచ్చేవాళ్లకు రెండు మాటలు.

ఎవరైనా ఫలానాది తిననంటే ఎందుకని విచారణ పెట్టకండి. దేవత వద్దంది అన్నా, డాక్టరు వద్దన్నాడు అన్నా, ఊరికే ఇష్టం లేదన్నా మీకు అన్నీ ఒకటే కావాలి. ఆ కారణం నిజమా అబద్ధమా అని తూచే పని మీది కాదు. మీ పని కూరలో ఏముందో చెప్పడం. అడిగినదానికే జవాబు చెప్పి ఊరుకోకండి. పొడి ఉందా అని అడిగితే, పొడి లేదు, నువ్వులున్నాయి అని చెప్పాలి. ఆ రెండో మాట చెప్పి ఉంటే పోశం ఆ రోజు అన్నంలో ఉప్పు కలుపుకుని బాయి దిగేవాడు.

రాత్రి బడి పెట్టినప్పుడు కాలనీలో ఆడవాళ్లు చాలామంది రామాయణం చదువుకోవాలని వచ్చారు. నేను బోర్డు రాయాలని పోయాను. హెడ్ కుక్కు అయ్యాక రోజూ నా చేత్తో రాశాను. వంకర అక్షరాలే. నవ్వేవాళ్లు నవ్వారు, చదివేవాళ్లు చదివారు.

పోశం ఊళ్లో

మంథని దిక్కు బస్సెక్కి, దిగి, చాలా దూరం నడిచి పోయాం మేస్త్రి, నేను. పోశం పొలంలో ఒడ్డు చెక్కుతున్నాడు. మమ్మల్ని చూసి పార పక్కన పెట్టి వచ్చాడు. ఇంటి ముందు మంచం వాల్చాడు, కొమురమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. మనిషి తేరుకున్నాడు, ఊపిరి మామూలుగానే ఉంది.

మేస్త్రి దాచకుండా చెప్పాడు. ఎప్పటి నుంచి వేశాడో, ఎందుకు చెప్పలేదో, డాక్టరు ముందు ఎందుకు ఆపాడో. చివరికి డాక్టరు ఇచ్చిన మాట చెప్పి, రేపే పోదాం రమ్మన్నాడు. పోశం తల వంచుకుని విన్నాడు. కొమురమ్మ గడప దగ్గర గోడకు ఆనుకుంది.

"నీకు తెల్వక తిన్నవ్ బిడ్డా. నీకేం దోషం లేదు," అన్నాడు మేస్త్రి.

"ఎల్లమ్మతోని నేను చెప్పుకుంట తియ్. గది కాదు కాకా." పోశం గొంతు పెంచలేదు. "బాయిల సర్దారు మాకంటె ముందుగాల కట్టెతోని పైకప్పు కొట్టి చూస్తడు. బాగనే ఉన్నది, దిగుండ్రి అంటడు. ఆయన మాట మీద మేము దాని కింద కూసుంటం. మల్ల మేము కొట్టి చూసుకోం. రేపు ఆయన బాగున్నదంటె నాకు నీ మొకమే కనవడ్తది. కాళ్లు ఎట్ల వడ్తయ్ లోపల?"

మేస్త్రి బతిమాలాడు. నేనూ బతిమాలాను. సర్దారు వేరు, మేము వేరు అన్నాం. జీతం గురించి చెప్పాం, రేపు పుట్టబోయే పిల్లల గురించి చెప్పాం. కొమురమ్మ కూడా ఒకసారి అతని వైపు చూసింది. పోశం విసుక్కోలేదు, మమ్మల్ని తిట్టలేదు. రాను అని మాత్రం అన్నాడు.

పోదామని లేస్తే ఆగమన్నాడు. ఎండలో అంత దూరం నడిచి వచ్చారు, అన్నం తినకుండా పోవద్దన్నాడు. కొమురమ్మ రెండు పళ్లేలు తెచ్చి మా ముందు పెట్టింది. పోశం మాకు ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పప్పుల పుంటికూర ఏసింది. ఎల్లిగడ్డ, ఎండు మిరపకాయ, పల్లినూనె. తొక్కుల మెంతిపిండి ఉన్నది. మీరు తిననిది ఏమన్న ఉంటె చెప్పుండ్రి, తీసేస్తం."

ఏమీ లేదన్నాడు ఓదెలు మేస్త్రి. అని, అన్నంలో చెయ్యి పెట్టలేక అట్లాగే కూర్చున్నాడు.